గోధుమ అంటని గ్రానోలా: జొన్న అటుకులతో ఇంట్లోనే

మా మేనకోడలు ఏది నోట్లో పెట్టుకోబోయినా ముందు ఒకటే అడుగుతుంది: "అత్తా, ఇందులో గోధుమ ఉందా?" దానికి తొమ్మిదేళ్లప్పుడు సీలియాక్ జబ్బని తేలింది. ఆ రోజు నుంచి చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు, సేమ్యా, ఉప్మా అన్నీ బంద్. అన్నం, ఇడ్లీ, దోసె తినే ఇంట్లో పుట్టింది కాబట్టి భోజనానికి పెద్ద లోటు రాలేదు. చిక్కల్లా బడి తొందరలో ఉన్న పొద్దుటి పూట, ఆటలాడి ఆకలితో వచ్చే సాయంత్రం పూట. చేతికి అందే డబ్బాలో ఏదో ఒకటి ఉండాలి. అటుకులూ గింజలూ తీపి పాకంలో కలిపి కరకరలాడేలా కాల్చే గ్రానోలా నేను నేర్చుకున్నది ఆ డబ్బా కోసమే. మొదటి నాలుగు సార్లూ చెడగొట్టాను. ఎలా చెడగొట్టానో కూడా కింద చెప్తాను, మీ సరుకులైనా మిగులుతాయి.

తమాషా ఏంటంటే, గ్రానోలా పుట్టిందే గోధుమతో. 1863లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్ అనే ఊళ్లో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే డాక్టరు పొట్టు తీయని గోధుమ పిండిని రొట్టెలా కాల్చి, విరగ్గొట్టి, మళ్లీ కాల్చి రోగులకు పెట్టేవాడు. పేరు గ్రాన్యులా. ఎంత గట్టిదంటే రాత్రంతా పాలలో నానబెడితే గానీ పంటికి లొంగేది కాదు. తర్వాత జాన్ హార్వీ కెల్లాగ్ అనే ఇంకో డాక్టరు అలాంటిదే తయారుచేసి అదే పేరు పెట్టుకున్నాడు. పేచీ వచ్చాక ఒక అక్షరం మార్చి గ్రానోలా అన్నాడు. ఓట్స్, తేనె, బాదం కలిపిన ఇప్పటి రూపం దాదాపు వందేళ్ల తర్వాత, 1960ల నాటిది.

మనకు ఇది మరీ కొత్తదేమీ కాదు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి, బెల్లం, యాలకులు కలిపి పేలాల పిండి చేసుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వేయించిన ధాన్యం, బెల్లం, ఇంత సువాసన. గ్రానోలా లెక్కా ఇంచుమించు అదే. అందుకే నేను ఓట్స్ వెంట పడటం మానేసి జొన్నకు వచ్చాను.

ముందు గ్లూటెన్ సంగతి తేల్చుకోవాలి

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే ప్రొటీన్లను కలిపి గ్లూటెన్ అంటారు. మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా అన్నీ గోధుమ సంతానమే. సీలియాక్ ఉన్నవాళ్లకు గ్లూటెన్ లోపలికి వెళ్తే వాళ్ల రోగనిరోధక వ్యవస్థే చిన్న పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. పిల్లలైతే ఎదుగుదల ఆగుతుంది, రక్తహీనత వస్తుంది. గోధుమ తింటే కడుపు ఉబ్బరంగా ఉందని చాలామంది సొంతంగా మానేస్తుంటారు. అనుమానం ఉంటే మానకముందే డాక్టరు దగ్గరికి వెళ్లండి. గ్లూటెన్ మానేశాక రక్త పరీక్ష చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు.

ఇంకో మాట. గ్లూటెన్ లేకపోతే ఒళ్లు తగ్గుతుందనేది ఉత్త భ్రమ. చక్కెర డబ్బాలో కూడా గ్లూటెన్ ఉండదు.

జొన్న, సజ్జ, రాగి, కొర్ర, బియ్యం, మొక్కజొన్న, వీటిలో వేటిలోనూ గ్లూటెన్ లేదు. ఓట్స్‌లోనూ లేదు గానీ, పొలం నుంచి మిల్లు దాకా గోధుమ, బార్లీలతో కలిసి తిరుగుతాయి కాబట్టి మామూలు ఓట్స్‌ను నమ్మడానికి లేదు. గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే కొనాలి. ఓట్స్‌లో ఉండే అవెనిన్ అనే ప్రొటీన్ కొద్దిమంది సీలియాక్ రోగులకు పడదు. కాబట్టి కొత్తగా జబ్బు తేలినవాళ్లు డాక్టరును అడగకుండా ఓట్స్ జోలికి పోకపోవడం మేలు.

మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలోనూ ఇదే హద్దు. ఒక గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు గ్లూటెన్ అనుకోండి. కిలో జొన్నల్లో ఆరు గోధుమ గింజలు కలిసినా హద్దు దాటినట్టే. ఈ లెక్క తెలిసేదాకా నాకూ "కొంచెం తగిలితే ఏమవుతుందిలే" అనే ఉండేది.

గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందంటే

నా మొదటి తప్పు ఇక్కడే. కిరాణా కొట్టులో బస్తాలోంచి తూచి ఇచ్చే విడి అటుకులు తెచ్చాను. సరుకు మంచిదే. కానీ కొట్టతను గోధుమ రవ్వ తీసిన స్కూపుతోనే అటుకులూ తీశాడు. నేను పక్కనే నిలబడి చూస్తూ కూడా పట్టించుకోలేదు. మర్నాడు పిల్ల కడుపు పట్టుకుని కూర్చుంది. కారణం ఆ స్కూపేనని రుజువు చేయలేను. అప్పటి నుంచి మాత్రం విడి సరుకు ముట్టలేదు.

పిండి మర ఇంకా ప్రమాదం. మీ ముందు వాళ్ల గోధుమలు ఆడిన మరలోనే మీ జొన్నలూ ఆడతారు. మొదటి గుప్పెడు పిండిలో ఎంత గోధుమ కలుస్తుందో చెప్పనక్కర్లేదు. పిండి కావాలంటే ఇంట్లో మిక్సీలో వేసుకోండి, లేదా సీలు వేసిన గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్ కొనండి.

ఇంట్లో చూడాల్సినవి: చపాతీ పిండి జల్లించే జల్లెడ, చెక్క గరిటెలు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, ఓవెన్ అడుగున రాలిన రస్కు పొడి. జల్లెడా, చెక్క గరిటా ఎంత కడిగినా సందుల్లో పిండి ఉండిపోతుంది. వీటికి మాత్రం వేరే జత పెట్టుకోక తప్పదు. స్టీలు, గాజు సామాను శుభ్రంగా తోమితే చాలు. ఓవెన్ ట్రే మీద బేకింగ్ కాగితం పరవండి.

ప్యాకెట్ల మీద "మాల్ట్" అని కనబడితే అది మామూలుగా బార్లీ మాల్టే. కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నవే కదా అని గ్రానోలాలో కలిపేవాళ్లు అక్కడే దొరికిపోతారు. "మల్టీగ్రెయిన్" అన్నదాంట్లో గోధుమ ఉండే అవకాశమే ఎక్కువ. గ్రానోలాలో ఇంగువ వేయం గానీ, మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా: బజారులో దొరికే ఇంగువల్లో చాలా వాటికి గోధుమ పిండో మైదానో కలుపుతారు.

సరుకులు

ఇది సుమారు 800 గ్రాముల గ్రానోలాకు సరిపోయే కొలత. వంటింటి త్రాసు ఉంటే గ్రాముల్లోనే తూచుకోండి. ఒకరి కప్పు ఒకలా ఉంటుంది.

- జొన్న అటుకులు 220 గ్రాములు
- పలుచటి బియ్యం అటుకులు 60 గ్రాములు
- జొన్న పేలాలు 20 గ్రాములు
- పల్లీలు 60 గ్రాములు, బాదం 50 గ్రాములు
- గుమ్మడి గింజలు 40, పొద్దుతిరుగుడు గింజలు 30, నువ్వులు 25, అవిసె గింజలు 15 గ్రాములు
- ఎండుకొబ్బరి పలుచగా చెక్కినది 40 గ్రాములు
- బెల్లం 110 గ్రాములు, నీళ్లు 40 మిల్లీలీటర్లు
- కొబ్బరి నూనె లేదా నెయ్యి 60 గ్రాములు
- ఉప్పు అర చెంచా, దాల్చిన చెక్క పొడి ఒక చెంచా, యాలకుల పొడి అర చెంచా
- ఎండు ద్రాక్ష లేదా ఖర్జూరం ముక్కలు 80 గ్రాములు

బియ్యం అటుకులు పలుచటివే కావాలి. పులిహోరకు వాడే దొడ్డు అటుకులు వేసి నేను రెండోసారి చెడగొట్టాను. అవి కాగే నూనెలో పొంగుతాయి గానీ ఓవెన్ వేడికి పొంగవు. పైకి వేగినట్టే కనబడి, పంటి కింద చిన్న రాళ్లలా తగులుతాయి. చుడువాకు వాడే పలుచటి రకం అయితే కరకరలాడుతుంది.

ఉప్పు మానకండి. తీపి వంటకే కదా అని మానేస్తే బెల్లం మొహం మొత్తుతుంది. అర చెంచా ఉప్పు ఉంటే తక్కువ బెల్లంతోనే తీపి నిండుగా తెలుస్తుంది.

బెల్లం గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. అనకాపల్లి బెల్లమైనా, ఆర్గానిక్ బెల్లమైనా ఒంట్లోకి వెళ్లాక చాలావరకు చక్కెరే. రుచి కోసం బెల్లం వాడుతున్నాను, వైద్యం కోసం కాదు. "బెల్లంతో చేసింది, ఎంతైనా తినొచ్చు" అని షుగరు ఉన్నవాళ్లకు గిన్నె నింపి ఇవ్వకండి. తేనె వాడాలనుకుంటే వాడొచ్చు, కాకపోతే త్వరగా నల్లబడుతుంది కాబట్టి వేడి కొంచెం తగ్గించాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

చేసే విధానం

1. ఓవెన్‌ను 150 డిగ్రీల సెల్సియస్‌లో, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగించి, పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఫారిన్‌హీట్ ఓవెన్ అయితే 300. ఫ్యాన్ ఉంటే పది, పదిహేను డిగ్రీలు తగ్గించండి.

2. 220 గ్రాముల జొన్న అటుకుల్లోంచి ఒక గుప్పెడు, అంటే 40 గ్రాముల దాకా, విడిగా తీసి మిక్సీలో పొడి చేయండి. ఈ చిన్న పని ఎగ్గొట్టకండి. గ్రానోలా విడివిడిగా రాలిపోకుండా ముద్దలు ముద్దలుగా కట్టేది ఈ పొడి వల్లే. గోధుమలో ఆ పట్టు గ్లూటెన్ ఇస్తుంది. మనకది లేదు కాబట్టి ఈ పిండీ, బెల్లం జిగురూ కలిసి ఆ పని చేయాలి.

3. బాదం, పల్లీలు కత్తితో రెండు మూడు ముక్కలుగా తరగండి. పొడి కానివ్వొద్దు. పెద్ద బేసిన్‌లో జొన్న అటుకులు, బియ్యం అటుకులు, ఆ పొడి, గింజలు, ఉప్పు, దాల్చిన చెక్క పొడి వేసి కలపండి. పేలాలు, ఎండుకొబ్బరి, ఎండు ద్రాక్ష ఇప్పుడే వేయకూడదు.

4. బెల్లం తురిమి నీళ్లు పోసి కరిగించి వడగట్టండి. ఎంత మంచి బెల్లంలోనైనా ఇసుక రేణువులు ఉంటాయి, గ్రానోలాలో ఒక్కటి తగిలినా ప్రాణం ఉసూరుమంటుంది. వడగట్టినదాన్ని చిన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు మరగనివ్వండి. వేళ్ల మధ్య పట్టి చూస్తే జిడ్డుగా అంటుకోవాలి, తీగ మాత్రం రాకూడదు. తీగ పాకం వచ్చిందంటే మీరు చేస్తున్నది గ్రానోలా కాదు, పల్లీ పట్టీ. నా మూడో ప్రయత్నం అలాగే అయ్యింది. సుత్తితో కొట్టుకుని తిన్నాం, రుచికి వంక లేదు. దించాక నూనె, యాలకుల పొడి కలపండి.

5. పాకం వేడి మీదే బేసిన్‌లో పోసి, గరిటెతో కింది నుంచి పైకి తిప్పుతూ కలపండి. చేయి పెట్టగలిగే వేడికి వచ్చాక చేత్తోనే కలపడం మంచిది. ప్రతి అటుకూ తడిసి మెరవాలి, అడుగున పాకం నిలవకూడదు. పెద్ద ముద్దలు కావాలంటే ఒక గుడ్డు తెల్లసొన నురగ వచ్చేలా గిలక్కొట్టి, మిశ్రమం గోరువెచ్చగా అయ్యాక కలపండి. గుడ్డు తినని ఇళ్లలో అక్కర్లేదు, నొక్కి ఆరబెడితే చాలు.

6. రెండు ట్రేలలో అర అంగుళం మందాన పరవండి. అంతా ఒకే ట్రేలో కుక్కితే పైన మాడుతుంది, అడుగున ఆవిరికి మెత్తబడుతుంది. ఓవెన్ చిన్నదైతే రెండు దఫాలుగా పెట్టుకోండి.

7. మధ్య అరలో 12 నిమిషాలు ఉంచి బయటికి తీయండి. అంచుల్లోది మధ్యకు, మధ్యలోది అంచులకు తిప్పండి. ఇప్పుడు పేలాలు, కొబ్బరి చల్లండి. పేలాలు ముందే వేస్తే పాకం పీల్చుకుని కుంచించుకుపోతాయి, కొబ్బరి ముందే వేస్తే మాడుతుంది. వెనక వైపు ముందుకు వచ్చేలా ట్రే తిప్పి మళ్లీ లోపల పెట్టండి. చిన్న ఓవెన్లలో వెనక మూల ఎప్పుడూ ఎక్కువ కాలుతుంది.

8. ఇంకో 10 నుంచి 14 నిమిషాలు. ఈ దశలో ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోనే ఉండండి. బంగారు రంగుకూ మాడుకూ మధ్య రెండు మూడు నిమిషాలే తేడా. ఒక బాదం ముక్క తీసి విరిచి చూడండి. లోపల లేత గోధుమ రంగు వచ్చి ఉంటే అయినట్టే. (గోధుమ వద్దనుకుని ఇంత తంటాలు పడినా రంగు చెప్పడానికి మళ్లీ గోధుమే కావాల్సి వచ్చింది.)

9. బయటికి తీయగానే తడిగా, మెత్తగా ఉంటుంది. కంగారు పడకండి. నా నాలుగో గ్రానోలా మాడింది ఈ కంగారుతోనే. కరకరలాడలేదని మళ్లీ మళ్లీ లోపల పెట్టాను. కరకర వచ్చేది చల్లారాక, పాకం గట్టిపడ్డాక. వేడి మీదే స్టీలు గ్లాసు అడుగుతో గట్టిగా నొక్కి, గంట సేపు కదపకుండా వదిలేయండి. ఆ తర్వాత చేత్తో మీకు కావాల్సిన సైజు ముక్కలుగా విరవండి.

10. ఎండు ద్రాక్ష, ఖర్జూరం పూర్తిగా చల్లారాకే. ఓవెన్‌లో వేస్తే ఉబ్బి, చేదెక్కి, రాయిలా తయారవుతాయి.

ఓవెన్ లేకపోతే

అడుగు మందంగా ఉన్న మూకుడు చాలు. గింజలు, అటుకులు, కొబ్బరి, దేనికది సన్న మంట మీద వేయించి తీయండి. నువ్వులు చివర, చిటపటలాడగానే దించాలి. జొన్న అటుకులు వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి. పాకం, నూనె అదే మూకుడులో పోసి, జొన్న పొడీ, ఉప్పూ, వేయించినవీ అన్నీ వేసి ఆరేడు నిమిషాలు చేయి ఆపకుండా కలపండి. పేలాలు దించే ముందు వేయండి. వెడల్పాటి పళ్లెంలో పరిచి నొక్కి ఆరబెట్టండి. ముద్దలు తక్కువ కడతాయి, అంతే తేడా. కరెంటు పోయిన రోజున నేనూ ఇలాగే చేస్తాను.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇండియన్ స్టోర్లలో జొన్న అటుకులు దొరకకపోతే, గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ఓట్స్ అదే బరువుకు వేసుకోవచ్చు. ఓట్స్ మందంగా ఉంటాయి కాబట్టి ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఎంత తినాలి

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. పై కొలతల ప్రకారం లెక్క వేస్తే 100 గ్రాములకు దాదాపు 470 కేలరీలు. ఒక పూటకు 40 గ్రాములు చాలు. చిన్న కటోరీ నిండా పడుతుంది, 190 కేలరీల దాకా వస్తాయి, బెల్లం వాటా ఒక చెంచాడు. ఆరోగ్యకరమైనదే కదా అని టీవీ ముందు డబ్బా ఒళ్లో పెట్టుకు కూర్చుంటే లడ్డూలు తిన్నట్టే లెక్క. మా ఇంట్లో కమ్మటి పెరుగు మీద చల్లుకుంటాం. కాలం వస్తే మామిడి ముక్కలు, లేకపోతే బొప్పాయి. పాలలో వేస్తే వెంటనే తినేయాలి, జొన్న అటుకులు ఓట్స్ కంటే త్వరగా నానిపోతాయి.

ఐదేళ్ల లోపు పిల్లలకు గింజల ముక్కలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్లకు మిక్సీలో పొడి చేసి పెరుగులో కలిపి పెట్టండి.

నిల్వ

పూర్తిగా చల్లారకముందు మూత పెడితే లోపల చెమ్మ పట్టి రెండో రోజుకే మెత్తబడుతుంది. గాజు సీసా, లేదా గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా మంచిది. దాని మీద పేరు రాసి, చపాతీ పిండి డబ్బాకు దూరంగా, పై అరలో పెట్టండి. పొడి చెంచా ఒకటి అందులోనే ఉంచితే పిండి అంటిన చెంచా ఎవరూ ముంచరు. హైదరాబాద్ ఎండాకాలంలో మూడు వారాలు కరకరలాడుతూ ఉంటుంది. వానాకాలంలో, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో రెండు వారాలకు మించి చేసుకోకండి. ఎండు పండ్లను విడిగా ఉంచి తినేటప్పుడు కలుపుకుంటే ఇంకా మంచిది, వాటి తేమ అటుకుల్లోకి దిగదు. మెత్తబడితే 120 డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు పెట్టి చల్లారనివ్వండి, మళ్లీ కరకర వస్తుంది. పాత నూనె వాసన వస్తే మాత్రం పారేయాల్సిందే. గింజల్లోని నూనె పాడైందని దానర్థం.

డబ్బా అడుగున చివరికి గుప్పెడు పొడి మిగులుతుంది. దాన్ని ఇంకో నాలుగు జొన్న పేలాలతో కలిపి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి మా అమ్మకు ఇచ్చాను. నోట్లో వేసుకుని, "ఏకాదశి ఇంకా రాలేదు కదే, అప్పుడే పేలాల పిండి ఎందుకు చేశావ్?" అంది.